కోర్టు గేటు దగ్గర ఆరు గొడ్డళ్లు

నల్లకోటు విప్పేసి చాలా కాలమైంది. అయినా కొత్తగా ప్లీడర్లయిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వస్తుంటారు. "సార్, మీరు గెలిచిన పెద్ద కేసు ఏదైనా చెప్పండి" అంటారు. రెండు మూడు చెప్తాను. టీ తాగి, నాలుగు మెచ్చుకోలు మాటలు చెప్పి వెళ్లిపోతారు. గెలిచిన కేసుల్లో ఒక్కదాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రాయడమే నయం. రాసేటప్పుడు ఎదురుగా ఎవరి మొహమూ చూడనక్కర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను సెషన్స్ కోర్టులో అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటర్ని. అంటే పోలీసులు పెట్టిన కేసును సర్కారు తరఫున నడిపే ప్లీడర్ని. భద్రాచలం అడవి వైపు పల్లెల్లో జరిగే ఖూనీ కేసులు కొన్ని మా కోర్టుకు వచ్చేవి. ఆ కోర్టు ఏ ఊళ్లోదో చెప్పను. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్లు ఏ పాపమూ ఎరగరు. తప్పు నాది.

ఖూనీ కేసులో ఎవరు కొట్టారన్నది సగమే. ఏ మనసుతో కొట్టాడన్నది మిగతా సగం. చంపాలనే కొట్టాడని తేలితే యావజ్జీవం. కోపంలో చెయ్యి లేచింది, చస్తాడనుకోలేదని తేలితే కొన్నేళ్ల జైలు, ఆ తర్వాత ఇల్లు. చచ్చిపోయినవాడు రెండు విధాలా చచ్చిపోయినట్టే గాని, కొట్టినవాడి బతుకు మాత్రం ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది. మరి జడ్జిగారు మనిషి మనసులోకి తొంగి చూడలేరు కదా. అందుకని చుట్టూ ఉన్నవాటిని బట్టి ఊహిస్తారు. ఆయుధం అక్కడ చేతికి దొరికిందా, ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నాడా? దెబ్బ కాలి మీద పడిందా, తల మీద పడిందా? ఒక దెబ్బా, పది దెబ్బలా? కొట్టాక పరుగెత్తాడా, ఏడ్చాడా, ఊరికే కూర్చున్నాడా?

దీనికి నేనొక మాట తయారు చేసుకున్నాను. "మనసులో ఏముందో ఎవరికీ కనపడదు యువరానర్, చేతిలో ఏముందో కనపడుతుంది" అనేవాణ్ని. అనేముందు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకునేవాణ్ని. జూనియర్లు తలలూపేవాళ్లు. నాకు ఒళ్లు పొంగిపోయేది. దాచుకోవడం ఎందుకు, ఇంట్లో అద్దం ముందు కూడా ఆ మాట అని చూసుకున్న రోజులున్నాయి.

ఈ కేసు ఇప్పపూల కాలంలో జరిగింది. అడవిలో ఇప్పచెట్లు ఎవరూ నాటినవి కావు. అయినా ఏ చెట్టు కింద ఏ ఇంటివాళ్లు పూలు ఏరుకోవాలో ఆ పల్లెల్లో అందరికీ తెలుసు. తాతల నాటి కట్టు అది. ముద్దాయి ముప్ఫై దాటిన కోయ రైతు. చనిపోయినవాడు అతని బావమరిది, భార్యకు సొంత తమ్ముడు. ముందురోజు ఈ బావమరిది వీళ్ల చెట్టు కింది పూలన్నీ ఏరుకుపోయాడు. మర్నాడు పొద్దున్నే చెట్టు దగ్గర బావ నిలదీశాడు. భార్య కూడా పక్కనే ఉంది. మాటా మాటా పెరిగింది, ఒకరినొకరు తోసుకున్నారు, బావ ఒక్క దెబ్బ కొట్టాడు. గొడ్డలి మొద్దు వైపుతో, తల మీద. దవాఖానాకు మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

కొట్టినవాడు పారిపోలేదు. నేరుగా ఊరి పెద్దమనిషి ఇంటికి పోయి, గొడ్డలి ఆయన ముందు పెట్టి, "నేనే కొట్టిన" అని చెప్పి, పోలీసులు వచ్చేదాకా ఆ గడప దగ్గరే కూర్చున్నాడు.

ఇందులో చంపాలనే ఉద్దేశం ఎక్కడుంది? ఒకే దెబ్బ. అదీ పదును వైపు కాదు. తగాదా పూల కోసం. ఫైలు చదివి నేను పెదవి విరిచాను. కేసు దర్యాప్తు చేసిన సీఐగారు మాత్రం ధీమాగా ఉన్నాడు. "ఇంటికాడ్నించి గొడ్డలి పట్టుకొని పోయిండు సార్. పూలు ఏరెతందుకు గొడ్డలెందుకు? ఇంకేం గావాలె మనకు?" అన్నాడు. చార్జిషీటులో కూడా అదే రాశారు, "చంపవలెనను ఉద్దేశముతో ఇంటి నుండి గొడ్డలి చేతబూని" అని. ఈ "చేతబూని" అన్న మాటను ఏ స్టేషన్ రైటర్ పుట్టించాడోగాని, అది రాస్తే చాలు, పాపం ఎంత అమాయకుడైనా రాక్షసుడిలా కనపడతాడు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. నేను పుట్టి పెరిగింది జూలూరుపాడు వైపు పల్లెలో. అడవి పల్లెల నుంచి మగవాళ్లు మా చేలో పనికి వచ్చేవాళ్లు. భుజాన గొడ్డలి లేకుండా వచ్చినవాణ్ని నేను చూడలేదు. పెళ్లికి పోయినా, సంతకు పోయినా, పక్క ఊళ్లో చుట్టాన్ని పలకరించబోయినా అది భుజాన ఉండాల్సిందే. చెప్పుల్లేకుండా కదులుతారు, అది లేకుండా కదలరు. పనికొచ్చినవాళ్లు గొడ్డళ్లు మా దడికి ఆనించి చేలోకి దిగేవాళ్లు. ఆ పూట ఎంతమందికి అన్నం వండాలో మా అమ్మ చేలోకి వచ్చి చూసేది కాదు. దడి దగ్గర గొడ్డళ్లు చూసుకుని ఎసరు పెట్టేది.

కాబట్టి తెలియక చేశానని అనడానికి వీల్లేదు.

విచారణ రోజు వచ్చింది. మా కోర్టులో ఒక ముసలి అటెండరు ఉండేవాడు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు, ఎవరికీ భయపడేవాడు కాదు. అడవి పల్లెల కేసు ఉన్న రోజున ఆయనకు ఒక అదనపు పని పడేది. కోర్టు ఆవరణలోకి ఆయుధాలు తేకూడదు గనక, సాక్షులు తెచ్చుకున్న గొడ్డళ్లన్నీ గేటు దగ్గర తీసుకుని, మంచినీళ్ల కుండ వెనక గోడకు ఆనించి పెట్టేవాడు. సాయంత్రం ఎవరిది వాళ్లకు ఇచ్చేవాడు.

"ఎవరిది ఏదో ఎట్లా తెలుస్తుంది నీకు?" అని ఒకసారి అడిగాను.

"నాకెందుకు తెల్వాలె సారూ? చేత పట్టుకునే కామ చూస్తె వాళ్లకెర్కైతది. గుడికాడ మన చెప్పులు మనం గుర్తు పట్టమా ఏంది?" అన్నాడు.

ఆ రోజు నేను గేటు దాటుతుంటే కుండ వెనక ఆరు గొడ్డళ్లున్నాయి. చూశాను. మా అమ్మ కళ్లతోనే చూశాను, ఆరుగురు వచ్చారన్నమాట అనుకున్నాను. అనుకుని లోపలికి పోయాను.

జడ్జిగారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి కొన్ని నెలలే. మంచి మనిషి. రికార్డులో అక్షరం వదలకుండా చదివేవారు. రికార్డులో లేనిది మాత్రం ఆయన దృష్టిలో లోకంలోనే లేదు. ముద్దాయి తరఫున కోర్టు ఇచ్చిన ఉచిత వకీలు పట్నంలో పెరిగిన కుర్రాడు. ఫైలు చేతికొచ్చి రెండు రోజులే అయిందట. ఎవరు నేర్పారోగాని, ముద్దాయి అసలు ఆ రోజు అక్కడ లేనే లేడని వాదించడానికి తయారై వచ్చాడు.

సాక్షుల్లో ముఖ్యమైనది ముద్దాయి భార్యే. ఆమె పరిస్థితి మీరే ఆలోచించండి. పోయినవాడు తమ్ముడు, బోనులో ఉన్నవాడు మొగుడు. మనిషి బక్కగా ఉంది, గొంతు మాత్రం గట్టిది. నేను లేచి అడిగాను.

"ఆ పొద్దున నీ పెనిమిటి ఏం పట్టుకొని పోయిండమ్మా?"

"గొడ్డలి."

"అది ఎక్కడిది?"

"మా ఇంట్లదే సారూ. ఇంటికాడ్నించే తీస్కపోయిండు. రోజు గట్లనే—"

"అడిగినదానికే చెప్పమ్మా. ఇంటి నుంచి తీసుకుపోయిండా, లేదా? అంతే."

ఆమె నా మొహంలోకి చూసింది. కాసేపు అట్లాగే చూసింది. కోర్టంటే బెదురు కాబోలు అనుకున్నాను.

"తీస్కపోయిండు" అంది.

జడ్జిగారు చెప్పారు, టైపిస్టు కొట్టాడు. "నా భర్త ఇంటి నుండి గొడ్డలి తీసుకుని వెళ్లినాడు." అంతే. "రోజు గట్లనే" అన్న రెండు మాటలు ఆ కాగితం మీదికి ఎక్కలేదు. సాక్షిని అదుపులో పెట్టడం మాకు అలవాటే, "అడిగినదానికే చెప్పు" అన్న మాట నేను వెయ్యిసార్లు అని ఉంటాను. అయితే ఆ రోజు అలవాటుగా అనలేదు. ఆమె నోటి నుంచి రాబోయే మాట ఏమిటో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

తర్వాత కుర్రవకీలు లేచాడు. "మీ ఆయన ఆ రోజు అడవికి పోనేలేదని నేనంటాను. నువ్వేమంటావు?"

ఆమె బిత్తరపోయింది. "పోయిండు గద సారూ. మీకు చెప్పలేదా?"

కోర్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె తన మొగుణ్ని కాపాడటానికి వచ్చినవాణ్ని కూడా అనుమానంగా చూసింది.

సాక్షులంతా అయ్యాక జడ్జిగారు ముద్దాయిని స్వయంగా ప్రశ్నలు అడగాలి. సాక్ష్యం ఇట్లా వచ్చింది, నీవేమంటావు అని. చట్టం ముద్దాయికి ఇచ్చే మంచి అవకాశం అది. అతను బోనులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు ఇంటి నుంచి గొడ్డలి తీసుకుని వెళ్లారని సాక్షులు చెబుతున్నారు. ఏమంటారు?"

"అవ్ దొర. తీస్కపోయిన."

"దానితోనే కొట్టారా?"

"అవ్. కోపమొచ్చింది, కొట్టిన. సస్తడనుకోలె దొర."

కుర్రవకీలు తల పట్టుకున్నాడు. జడ్జిగారు కలం ఆపి ముందుకు వంగారు. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది, అది నాకు కనపడుతూనే ఉంది.

"పూలు ఏరుకోవడానికి వెళ్తూ గొడ్డలి ఎందుకు తీసుకెళ్లారు?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. తెలుగు రాక కాదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అతన్ని ఆ మాట అడిగి ఉండరు. చొక్కా ఎందుకు తొడుక్కున్నావని మిమ్మల్ని అడిగితే మీరేం చెప్తారు? అతను జడ్జిగారి వంక చూశాడు, వకీలు వంక చూశాడు, వెనక కూర్చున్న భార్య వంక చూశాడు. కుడిచెయ్యి తన భుజం మీదికి పోయి ఆగింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి దించాడు.

"జవాబు లేదు" అని రాయించారు జడ్జిగారు. తర్వాత మా ఇద్దరి వంకా చూశారు. "ఈ విషయంలో మీరేమైనా చెబుతారా?" కుర్రవకీలు తల అడ్డంగా ఊపాడు. "పీపీగారూ?"

ఒక్క వాక్యం చాలు. అయ్యా, మా వైపు అడవి పల్లెల మగవాళ్లు గొడ్డలి లేకుండా ఇల్లు కదలరు, గేటు దగ్గరికి ఎవరినైనా పంపి చూడండి. అంతే. సర్కారు వకీలు పని శిక్ష వేయించడం కాదు, నిజం కోర్టు ముందు పెట్టడం. ఇది మీ పుస్తకాల్లో ఉంటుంది, నా పుస్తకాల్లోనూ ఉంది.

"ఏమీ లేదు యువరానర్" అన్నాను.

భోజనాల వేళ వరండాలో అటెండరు ఎదురొచ్చాడు. లోపల జరిగిందంతా తలుపు దగ్గర నిలబడి విన్నట్టున్నాడు.

"సారూ, గేటుకాడ ఆరు గొడ్డండ్లున్నయి. గా ఆరుగురి మీద గూడ కేసు పెడ్తరా ఏంది?"

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పెద్దోణ్ని, చెప్తున్న. గా కుర్ర వకీలుకు ఒక్క మాట చెవిల వెయ్యరాదు? నీకెర్కున్నదే గద. నువ్వు మా దిక్కోనివే."

"ఎవరి పని వాళ్లు చెయ్యాలె" అన్నాను. మాట కటువుగా వచ్చింది. ఆయన కుండలో గ్లాసు ముంచి నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నాకు నమస్కారం పెట్టాడు గాని, నాతో పరాచికాలాడటం మానేశాడు.

నాకెందుకంత పట్టుదల అని మీరడగొచ్చు. నా పదవీకాలం పొడిగించే ఫైలు ఆ నెలలోనే కదులుతోంది. అంతకుముందు వరసగా రెండు ఖూనీ కేసులు కొట్టేశారు. ఈ మూడోది కూడా పోతే నా పేరు పక్కకు పెడతారని భయం. ఒక మనిషి బతుకుకు ఎదురుగా నేను పెట్టి తూచింది ఇదే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది, కనీసం చెప్పుకోవడానికైనా. లేదు.

మధ్యాహ్నం వాదనలు. నేను కళ్లజోడు తీశాను. "మనసులో ఏముందో ఎవరికీ కనపడదు యువరానర్, చేతిలో ఏముందో కనపడుతుంది. ఈ మనిషి తెల్లవారుతూనే ఇంటి నుంచి గొడ్డలి చేతబూని బయల్దేరాడు. ఎందుకని తమరు అడిగితే జవాబు చెప్పలేకపోయాడు. తల మీద కొట్టాడు. కొట్టి, కంట తడి లేకుండా పోయి పెద్దమనిషి గడపలో కూర్చున్నాడు." పెద్దమనిషికి చెప్పుకోవడం వాళ్ల కట్టు అనీ, తప్పు చేసినవాడు ముందు అక్కడికే పోవాలనీ నాకు తెలుసు. దాన్ని కూడా పశ్చాత్తాపం లేనితనం కింద మార్చి చూపించాను. కుర్రవకీలు మొద్దు వైపు దెబ్బ సంగతి ఎత్తనేలేదు. అసలక్కడ లేనేలేడని చెప్పినవాడు ఏ వైపుతో కొట్టాడో ఎట్లా వాదిస్తాడు?

కొన్నాళ్లకు తీర్పు వచ్చింది. ఇంటి నుంచి ఆయుధం తీసుకుని బయల్దేరడం, ఎందుకు తెచ్చాడన్న ప్రశ్నకు జవాబు లేకపోవడం, ఈ రెండే జడ్జిగారికి ముఖ్యమయ్యాయి. యావజ్జీవం. తర్వాత పై కోర్టులో అప్పీలు కూడా నిలబడలేదు. రికార్డులో ఏముంటే వాళ్లూ అదే కదా చదివేది.

తీర్పు వచ్చిన రోజు సీఐగారు మైసూర్‌పాక్ తెప్పించాడు. తిన్నాను. బాగుందని కూడా అన్నాను. చెయ్యి కడుక్కోవడానికి బయటికొస్తే ముద్దాయి భార్య వరండా మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఎవరిని అడగాలో తెలియక నన్నే అడిగింది.

"సారూ, ఇంటికెప్పుడొస్తడు?"

"అప్పీలు చేసుకోండమ్మా" అన్నాను. ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. అడిగినదానికే చెప్పమని కోర్టులో గద్దించినవాణ్ని నేనే. నా ఫైలు కదిలింది, పదవీకాలం పొడిగించారు.

ఏళ్లు గడిచాయి. నేను ఆ పనిలోంచి బయటికొచ్చేశాను. ఒకరోజు బంధువుల ఇంట్లో పెళ్లికని అశ్వారావుపేట వైపు పోతూ, దారిలో సంత కనపడితే చింతపండు కొందామని దిగాను. చుట్టూ అడవి పల్లెల వాళ్లే. మగవాళ్లందరి భుజాల మీదా గొడ్డళ్లు. ఒకచోట మాత్రం ఆడమనిషి భుజాన గొడ్డలి ఉంది. ఆమె వెనక చింతపండు గంప పక్కన కూర్చున్నాయన భుజం ఉత్తది. జుట్టు నెరిసింది. నేను పక్కకు తప్పుకుందామనుకునేలోపే ఆయన గుర్తుపట్టాడు.

"నువ్వు కోర్టుల నల్లకోటు సారువు గద?"

నాకు తల కొట్టేసినట్టయింది. "అవును. ఎప్పుడొచ్చావు?" అన్నాను.

"మొన్న జెండా పండుగకు ఇడిసిన్రు. మంచిగుంటున్నడని రాసిన్రంట." ఆయన గొంతులో పగ లేదు. తెలిసిన సారు కనపడ్డాడన్న సంతోషం కూడా కొంచెం ఉంది. అదే నేను తట్టుకోలేకపోయాను.

ఏదో ఒకటి అనాలి కదా. "గొడ్డలి ఆమె మోస్తోందేంటి?" అన్నాను నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"నేను ముట్ట సారూ. ఇంటికాడ్నించి గొడ్డలి తెస్తె సంపెతందుకే తెచ్చినట్టని నువ్వే చెప్తివి గద. జడ్జి దొర గూడ గదే రాసిండు. మాకెర్క లేకుండె." గంపలో చింతపండు సర్దుతూ మళ్లీ అన్నాడు. "మా ఊరోళ్లకు గూడ చెప్పిన, పట్టకున్రి, జైల్ల వెయ్యవట్టిరి అని. ఒక్కడు ఇనడు. నన్ను చూసి నవ్వుతరు. మండలు కొట్టేది, కట్టెలు కొట్టేది అన్ని మా ఇంటిదే చేస్తది."

నేను అక్కడే, చింతపండు గంప పక్కన గొంతుక్కూర్చున్నాను. ఇంక దాచుకునే శక్తి లేదు.

"అది తప్పు. నేను చెప్పింది తప్పు. మీవాళ్లెవరూ గొడ్డలి లేకుండా ఇల్లు కదలరని నాకు తెలుసు. ఆ రోజు కోర్టులో కూడా తెలుసు."

ఆయనకు వెంటనే అందలేదు. "నీకెర్కేనా?" అన్నాడు. మళ్లీ, "గప్పుడు గూడ ఎర్కేనా?" అన్నాడు. నేను తలూపాను. ఆయన భార్య వంక తిరిగాడు, ఆమె ఆశ్చర్యపోతుందనుకుని.

ఆమె ఆశ్చర్యపోలేదు. ఎవరికో చింతపండు తీసిస్తూ, నా వంక చూడకుండానే అంది.

"నాకు గప్పుడే ఎర్కైంది సారూ. నేను చెప్పబోతుంటె ఆపినవ్ గద. ఎర్క లేనోడైతె చెప్పనిచ్చేటోడు."

"మరి నాకు చెప్పకపోతివేందే?" అన్నాడాయన.

"చెప్తె ఏమొస్తది? లోపల కూసోని ఇంకింత కుమిలేటోనివి."

ఆమె ఏ సెక్షనూ చదవలేదు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను చేసిన ఒక్క పనిని బట్టి నా మనసులో ఏముందో తెలుసుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్లూ ఒంటరిగా మోసింది.

ఆయన లేచాడు. ఆమె గంప ఆయన నెత్తికెత్తి, గొడ్డలి భుజం మీద సర్దుకుని ముందు నడిచింది. ఆయన ఉత్త భుజంతో వెనక నడిచాడు. నేను లేచి, కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని, వాళ్లు జనంలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.